నిఘా దస్త్రాలు, బయటి పరిశోధకులు: తలుపు ఎంత తెరవాలి, తాళం ఎవరి దగ్గరుండాలి?

ప్రభుత్వ నిఘా విభాగాలు పోగుచేసిన సమాచారాన్ని ప్రభుత్వంతో సంబంధం లేని పరిశోధకులకు చూపించాలా వద్దా అన్న చర్చ మన దేశంలో ఎన్నోసార్లు రేగింది, ఎన్నోసార్లు చల్లారింది. నేతాజీ ఫైళ్ళప్పుడు ఒకసారి, 1962 యుద్ధంపై హెండర్సన్ బ్రూక్స్–భగత్ నివేదికప్పుడు ఒకసారి, తెలంగాణ ఏర్పాటు డిమాండుపై వేసిన శ్రీకృష్ణ కమిటీ ఎనిమిదో అధ్యాయమప్పుడు మరోసారి. ప్రతిసారీ ఒక పక్షం దేశభద్రత అంది, రెండో పక్షం ప్రజల హక్కు అంది. మొత్తం తెరవడం, మొత్తం మూసెయ్యడం కాకుండా కట్టుబాట్లతో చూపించే మూడో దారి ఉందా, ఉంటే ఆ కట్టుబాట్లు ఎవరు పెట్టాలి అన్న అసలు ప్రశ్న మాత్రం పక్కకు జరిగిపోయింది. ఆ ప్రశ్నను రాయలసీమ నేల మీద నిలబెట్టి సమీక్షించడం ఈ వ్యాసం ఉద్దేశం.

వాదన ఇది. నిఘా నివేదికలో అధికారి కళ్ళతో చూసిందీ, దాన్నిబట్టి ఊహించిందీ కలగలిసి ఉంటాయి. రాసిన శాఖకు ఆ రెంటినీ విడదీసే అవసరం రాదు, తీరికా ఉండదు. దస్త్రాన్ని దగ్గరుండి చదివిన బయటివాళ్ళకే అది సాధ్యం. కాబట్టి ప్రవేశం కావాలి. దస్త్రంలో బతికున్న మనుషుల పేర్లుంటాయి కాబట్టి ఆ ప్రవేశానికి కట్టుబాట్లూ కావాలి. కానీ ఆ కట్టుబాట్లు దస్త్రం రాసిన శాఖ చేతిలోనే ఉంటే పరిశోధన జరగదు, ప్రచారం జరుగుతుంది.

కర్నూలు, 1839

1838–39లో హైదరాబాద్ రెసిడెంట్ ఫ్రేజర్‌కు వేగుల ద్వారా ఒక సమాచారం చేరింది. నిజాం సోదరుడు ముబారిజుద్దౌలా వహాబీ బోధకులతో కలిసి కంపెనీ పాలనను కూలదోయాలని చూస్తున్నాడని, కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్‌కు కూడా అందులో చెయ్యి ఉందని దాని సారాంశం. కంపెనీ సేన కర్నూలు వచ్చింది. వెతికితే ఫిరంగులు, మందుగుండు పెద్దఎత్తున బయటపడ్డాయి. 1839 అక్టోబరులో జోహరాపురం దగ్గర పోరు జరిగింది. పట్టుబడిన నవాబును తిరుచిరాపల్లికి తరలించారు. మరుసటి ఏడాది అక్కడే ఆయన హత్యకు గురయ్యాడు. ముబారిజుద్దౌలా గోల్కొండ కోటలో బందీగా ఉంటూ 1854లో చనిపోయాడు. నవాబుల కర్నూలు కంపెనీ కర్నూలు అయింది.

ఇక్కడ ఆయుధాలు దొరకడం చూసిన సంగతి. అవి తిరుగుబాటు కోసమే దాచారనడం ఊహించిన సంగతి. ఆనాటి నివేదికల్లో ఈ రెండూ ఒకటే అయిపోయాయి, ఒక రాజ్యం భవిష్యత్తు ఆ కలయిక మీదే తేలిపోయింది. కంపెనీ విచారణ కాగితాలను ఆధారం చేసుకుని చంద్ర మల్లంపల్లి రాసిన పుస్తకాన్ని 2017లో కేంబ్రిడ్జ్ ప్రచురించింది. ఇది నిజంగా ముస్లింల కుట్రేనా, లేక అధికారుల భయం అల్లుకున్న కథా అని ఆ పుస్తకం శీర్షికలోనే ప్రశ్న వేసింది. ఆయన నిర్ధారణలతో అందరూ ఏకీభవించనక్కర్లేదు. ఆ ప్రశ్న వేయగలగడమే ముఖ్యం, దస్త్రం అందుబాటులో ఉండబట్టే అది వేయగలిగారు. కాకపోతే నవాబుకూ ఆయన వంశానికీ అప్పటికి 178 ఏళ్ళు ఆలస్యమైంది.

ఈ కథకు మరో ముఖం కూడా ఉంది. 1800లో నిజాం దత్తమండలాలను కంపెనీకి ఇచ్చాక కాలిన్ మెకంజీ ఈ ప్రాంతంలో సర్వే చేయించాడు. కావలి లక్ష్మయ్య వంటి సహాయకులు ఊరూరా తిరిగి కైఫీయతులు రాయించారు. ఎక్కడ ఏ పాళెగాడు, ఏ ఊరు ఎవరి ఇనాం, ఏ చెరువు ఎవరు తవ్వించారు అన్న ఆ వివరాలన్నీ కొత్త ఏలుబడికి కళ్ళూ చెవులూ అయ్యాయి. అదే సేకరణ ఇవాళ మద్రాసు ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో, కడప సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం ప్రచురణల్లో మన ఊళ్ళ చరిత్రకు మొదటి ఆధారంగా నిలిచింది. పాలించడానికి సేకరించిన సమాచారం పాలితుల ఆస్తిగా మారగలదనడానికి సీమలో ఇంతకన్న సాక్ష్యం అక్కర్లేదు.

చట్టం ఏం చెబుతోంది

మన చట్టాల్లో ఈ విషయానికి సంబంధించినవి ప్రధానంగా మూడు. 1923 నాటి అధికార రహస్యాల చట్టం వెల్లడిని నేరం చేసింది, ఎప్పటికి ఆ రహస్యం తీరిపోతుందో చెప్పలేదు. 1993 పబ్లిక్ రికార్డుల చట్టం 30 ఏళ్ళు దాటి ఆర్కైవ్స్‌కు చేరిన, రహస్య ముద్ర లేని రికార్డులను నిజమైన పరిశోధకులకు చూపించవచ్చని చెప్పింది. 1997 నాటి నిబంధనల ప్రకారం ప్రతి ఐదేళ్ళకోసారి ఒక అధికారి రహస్య ఫైళ్ళను తిరిగి చూసి, ముద్ర తీసెయ్యొచ్చో లేదో తేల్చాలి. ఆ అధికారి మాత్రం దస్త్రం పుట్టించిన శాఖలోనివాడే. పైగా ఈ చట్టం కేంద్రానికీ, కేంద్రపాలిత ప్రాంతాలకూ మాత్రమే వర్తిస్తుంది. జిల్లా స్పెషల్ బ్రాంచ్ రాసిన కాగితం దాని పరిధిలోకి రాదు.

మూడోది 2005 సమాచార హక్కు చట్టం. 24వ సెక్షన్ ఇంటెలిజెన్స్ బ్యూరో, రా వంటి సంస్థలను చట్టం నుంచి తప్పించింది. రాష్ట్రాలు కూడా తమ నిఘా, భద్రతా విభాగాలను నోటిఫికేషన్‌తో తప్పించుకోవచ్చని అదే సెక్షన్ వీలిచ్చింది. అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణలకు మాత్రమే సందు వదిలింది. సమాచారం అడగడానికి పౌరుడికి కారణం చెప్పాల్సిన పని లేదు, ఇది ఈ చట్టం బలం. అడిగేది పరిశోధకుడైనా, పోటీదారైనా, శత్రువైనా ఒకే జవాబు ఇవ్వాలి, ఇది దాని పరిమితి. ఇస్తే లోకానికంతా ఇచ్చినట్టే కాబట్టి అధికారి ఇవ్వకపోవడాన్నే ఎంచుకుంటాడు. కట్టుబాట్లతో కొందరికి చూపించే ఏర్పాటు చట్టంలో ఎక్కడా లేదు.

ఉన్న రికార్డులు ఎక్కడున్నాయన్నది మరో చిక్కు. మంత్రాలయాన్నే తీసుకుంటే, 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఆ ఊరు బళ్ళారి జిల్లా ఆదోని తాలూకాలో ఉండేది. జాతీయోద్యమ కాలంలో ఆ ప్రాంతంపై రాసిన రహస్య కాగితాలు కావాలంటే మొదట చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌కు వెళ్ళాలి. మద్రాసు ప్రభుత్వం ఢిల్లీకి పంపిన పక్షం రోజుల నివేదికల కోసం నేషనల్ ఆర్కైవ్స్‌కు వెళ్ళాలి. 1956 తర్వాతి కాలానికి తార్నాక ఆర్కైవ్స్ ఉంది, అది ఇప్పుడు తెలంగాణలో ఉంది. ఒక్క మండలం చరిత్రకు మూడు ప్రభుత్వాల గుమ్మాలు తొక్కాలి, మూడు చోట్లా నియమాలు వేరు.

మూడు వాదాలు

మొదటిది మూసి ఉంచాలనే వాదం. విశ్రాంత పోలీసు, నిఘా అధికారుల్లో ఎక్కువమంది దీన్ని సమర్థిస్తారు. ఇందులో బలమైన అంశాలు రెండున్నాయి. నిఘా వ్యవస్థ నిలబడేది సమాచారమిచ్చేవాడి నమ్మకం మీద. ఇన్ఫార్మర్ అన్న అనుమానంతోనే మనుషులను చంపిన చరిత్ర తెలుగునాట ఉంది, ఆ భయాన్ని ఎవరూ తేలిగ్గా తీసుకోకూడదు. విడివిడిగా హానిలేని ముక్కలు ఒక్కచోట చేరితే పని పద్ధతి బయటపడుతుందన్నది రెండో అంశం. ఈ వాదం తడబడేది కాలపరిమితి దగ్గర. నిన్నటి ఫైలుకూ 60 ఏళ్ళ నాటి ఫైలుకూ ఒకే జవాబు చెబుతుంది.

రెండోది మొత్తం తెరవాలనే వాదం. పౌరహక్కుల సంఘాలు, సమాచార హక్కు కార్యకర్తలు, పాత్రికేయులు దీని వెనుక ఉన్నారు. దాచడం వల్ల జరిగిన కీడును వీళ్ళు చూపిస్తారు. 1948 పోలీసు చర్య తర్వాత హైదరాబాద్ సంస్థానంలో జరిగిన హత్యలపై సుందర్‌లాల్ కమిటీ ఇచ్చిన నివేదిక దశాబ్దాల పాటు మూలబడింది. 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారన్న కమిటీ అంచనా 2013 ప్రాంతంలో గానీ అందరి చర్చలోకి రాలేదు. ఈలోగా పుకారు ఒకవైపు, మౌనం ఒకవైపు చరిత్రను పంచుకున్నాయి. అయితే ఈ వాదం తడబడేది దస్త్రంలోని మూడో మనిషి దగ్గర. నిఘాకు గురైనవాడి ఇంటి గుట్టు, తప్పుడు ఆరోపణ, రోగం, అప్పు అన్నీ అందులో ఉంటాయి. తెరవడమంటే ఆ మనిషిని రెండోసారి బజారుకీడ్చడం కూడా కావచ్చు.

మూడోది కట్టుబాట్లతో ప్రవేశమనే వాదం. పరిశోధకుడి అర్హతను పరిశీలిస్తారు, గోప్యతకు మాట తీసుకుంటారు, నిర్ణీత గదిలోనే చదవనిస్తారు, పేర్లు మార్చి రాయమంటారు. మొదటి రెండు వాదాల బలాలను ఇది కలుపుకుంటుంది. దీని ప్రమాదం వేరే చోట ఉంది. అనుమతి ఇచ్చేవాడికి నచ్చినవాడే పరిశోధకుడైపోతాడు, నచ్చని ప్రశ్న అడిగినవాడికి మళ్ళీ గది తెరుచుకోదు. ఈ ప్రమాదం ఊహ కాదని ఇతర దేశాల అనుభవం చెబుతోంది.

ఇతర దేశాలు ఏం చేశాయి

బ్రిటన్ ఒక చరిత్రకారుడిని ఎంచుకునే దారి పట్టింది. ఎంఐ5 తన అధికార చరిత్ర రాయడానికి క్రిస్టఫర్ ఆండ్రూను లోపలికి పిలిచింది. ఆ గ్రంథం 2009లో వచ్చింది. మరుసటి ఏడాది కీత్ జెఫ్రీ రాసిన ఎంఐ6 చరిత్ర వచ్చింది, అది 1949తో ఆగింది. రెండూ విలువైన పుస్తకాలే. కానీ వాళ్ళు చూసిన ఫైళ్ళలో ఎన్నో మరో పరిశోధకుడు చూడలేడు. ఒకరే చూసి, మరొకరు సరిచూడలేని ఆధారం మీద నిలిచిన చరిత్రను ఎంతవరకు నమ్మాలన్న ప్రశ్న అలాగే మిగిలింది.

అమెరికాలో 1995 నాటి అధ్యక్ష ఉత్తర్వు 25 ఏళ్ళు నిండిన రహస్యాలకు తమంతట తామే గడువు తీరే పద్ధతి తెచ్చింది. సీఐఏ ముద్ర తీసేసిన కాగితాలను కంప్యూటర్లకెక్కించి, మేరీలాండ్‌లోని నేషనల్ ఆర్కైవ్స్ భవనంలో నాలుగే నాలుగు కంప్యూటర్లలో చూడనిచ్చింది. చట్టప్రకారం అవి బహిరంగ పత్రాలే. కానీ ఆ గదికి వెళ్ళగలిగినవాళ్ళకే, అది తెరిచి ఉన్న వేళల్లోనే అందేవి. న్యాయపోరాటం జరిగాక 2017 జనవరిలో అవి ఇంటర్నెట్‌లోకి వచ్చాయి. కట్టుబాటు ఎక్కడ ముగుస్తుందో, అడ్డంకి ఎక్కడ మొదలవుతుందో ఈ ఉదంతం చూపిస్తుంది.

జర్మనీ మరో మెట్టు ముందుకెళ్ళింది. తూర్పు జర్మనీ రహస్య పోలీసు స్టాసీ వదిలివెళ్ళిన దస్త్రాల కోసం 1991 డిసెంబరులో ప్రత్యేక చట్టం చేసింది. నిఘాకు గురైన మనిషికి తన ఫైలు చదువుకునే హక్కు ఇచ్చింది. పరిశోధకులకు షరతులు పెట్టింది, బాధితుల వివరాలకు రక్షణ కల్పించింది, నిఘా పెట్టినవాడి పేరుకు ఆ రక్షణ ఇవ్వలేదు. వీటన్నిటి బాధ్యతనూ నిఘా శాఖతో సంబంధం లేని కార్యాలయానికి అప్పగించింది. పశ్చిమ జర్మనీ నిఘా సంస్థగా మొదలైన బీఎన్‌డీ కూడా 2011లో తన తొలి దశాబ్దాల దస్త్రాలను నలుగురు చరిత్రకారుల స్వతంత్ర సంఘానికి అప్పగించింది. నాజీ గతం ఉన్నవాళ్ళు ఆ సంస్థలో ఎలా చేరారో ఆ పరిశోధన విప్పిచెప్పింది.

క్లుప్తంగా పోల్చి చూస్తే:

- బ్రిటన్: చూసేది ఒకరు, ఎంచుకునేది శాఖ. లోతు ఎక్కువ, సరిచూసే వీలు తక్కువ.
- అమెరికా: గడువు చట్టబద్ధం, పరిశీలన శాఖదే. విస్తృతి ఎక్కువ, నల్లసిరా పూసి చెరిపేసిన భాగాలు కూడా ఎక్కువే.
- జర్మనీ: తాళం శాఖ చేతిలో లేదు, బాధితుడికి మొదటి హక్కు. అయితే స్టాసీ కూలిపోయిన రాజ్యపు సంస్థ కాబట్టి తలుపు తెరవడం తేలికైంది.
- భారత్: గడువు పేరుకు ఉంది, తాళం శాఖ దగ్గరే ఉంది, బాధితుడికి హక్కు లేదు.

సీమలో పరీక్ష: ఫ్యాక్షన్ రికార్డు

ఈ చర్చ ఢిల్లీ, లండన్‌లకే చెందినది కాదు. కర్నూలు, కడప జిల్లాల్లో ఏ పాత పోలీసు స్టేషన్‌కు వెళ్ళినా ఊరూరి నేర చరిత్ర, వర్గాల గొడవలు, రౌడీ షీట్లు, హిస్టరీ షీట్లు దశాబ్దాలుగా పేరుకుని ఉంటాయి. ఫ్యాక్షన్ మీద కె. బాలగోపాల్ మొదలు ఎందరో రాశారు. వాళ్ళకు అందిన ఆధారాలు ఎఫ్ఐఆర్‌లు, తీర్పులు, పత్రికలు, ఊళ్ళో జనం చెప్పిన మాటలు. పోలీసు లోపలి రికార్డు వాళ్ళకు అందలేదు. అందువల్ల కీలకమైన ప్రశ్నలు జవాబు లేకుండా ఉన్నాయి. రౌడీ షీటు తెరవడం వల్ల హత్యలు తగ్గాయా, లేక షీటు పడ్డ కుర్రవాడు రక్షణ కోసం నాయకుడి పంచన మరింత గట్టిగా చేరాడా? ఏ కులాల వాళ్ళ మీద షీట్లు ఎక్కువ? ఎన్నేళ్ళకు మూస్తున్నారు? ఫ్యాక్షన్ తగ్గిందని అందరూ అంటున్న ఈ రోజుల్లో, ఎందుకు తగ్గిందో తేల్చే ఆధారం ఆ బీరువాల్లోనే ఉంది.

అటువంటి ఊళ్ళో ఒక మనిషి పేరు పక్కన ‘ఫలానావారి అనుచరుడు’ అని రాశారనుకుందాం. ఆ మాట బీటు కానిస్టేబుల్ స్వయంగా చూసి రాసిందా, ఎదుటి వర్గం వాళ్ళు చెబితే రాసిందా? మనిషి ఒక వీధిలో పుట్టిన పాపానికి రాసిందా? ఒకసారి రాశాక తర్వాత వచ్చిన ఎస్సైలందరూ దాన్నే ఎత్తి రాసుకుంటూ పోయారా? ఈ ప్రశ్నలకు ఒక్క షీటు చూస్తే జవాబు దొరకదు. వందల షీట్లు, పేర్లు తీసేసి, సంవత్సరాల వరుసలో పక్కపక్కన పెట్టి చదవాలి. అది పరిశోధకుడి పని, పేర్లతో అవసరం లేని పని.

ఇలాంటి చదువు ఏం సాధిస్తుందో నేరస్థ జాతుల చట్టం విషయంలో చూశాం. 1911లో ఆ చట్టం మద్రాసు ప్రెసిడెన్సీకి విస్తరించాక ఎరుకల వంటి సమూహాలు పుట్టుకతోనే అనుమానితులయ్యాయి. మీనా రాధాకృష్ణ 2001లో ప్రచురించిన గ్రంథం ఆనాటి రికార్డులనే చదివి, ఉప్పూ ధాన్యం పశువుల మీద మోసి అమ్ముకునే ఈ జనం బతుకుదెరువును రైళ్ళు, ఉప్పు విధానం దెబ్బతీశాయని, ఆ తర్వాత దొంగల ముద్ర పడిందని చూపించింది. పోలీసు కాగితం ‘స్వభావం’ అని రాసినదాన్ని పరిశోధన ‘ఆర్థిక విధ్వంసం’ అని చదివింది. 2024 మేలో అమానతుల్లా ఖాన్ కేసులో సుప్రీంకోర్టు హిస్టరీ షీటు పోలీసుల లోపలి పత్రమేనని, బజారున పెట్టేది కాదని చెప్పింది. అదే తీర్పులో వెనుకబడిన వర్గాల్లో పుట్టారన్న కారణంతో అమాయకుల పేర్లు యాంత్రికంగా ఎక్కించకూడదని రాష్ట్రాలను హెచ్చరించింది. బయట పెట్టొద్దు, తప్పు రాయొద్దు అన్న ఈ రెండు ఆదేశాలూ ఒకేసారి అమలవ్వాలంటే, బయట పెట్టకుండా సరిచూసే ఏర్పాటు ఉండాలి. ఆ ఏర్పాటు పేరే కట్టుబాట్లతో ప్రవేశం.

అభ్యంతరాలు, జవాబులు

లీకవుతుందన్నది మొదటి అభ్యంతరం. లీకులు ఇప్పటికే జరుగుతున్నాయి, అవి రాజకీయ అవసరాన్నిబట్టి, ఎంపిక చేసిన ముక్కలుగా, బాధ్యులెవరో తెలియకుండా జరుగుతున్నాయి. సంతకం పెట్టి, షరతుకు కట్టుబడి, పేరుతో రాసే పరిశోధకుడు అంతకంటే ప్రమాదకారి అనడానికి ఆధారం లేదు. ఇన్ఫార్మర్ల ప్రాణాల మాట మాత్రం నిక్కమైనది. దానికి మినహాయింపు ఉండకూడదు: సమాచారమిచ్చినవాడి పేరు, ఆనవాలు ఏ పరిశోధకుడికీ ఏ గడువు తర్వాతా కనిపించకూడదు. అతని పేరు తీసేసినంత మాత్రాన నివేదిక మంచిచెడ్డలు తేల్చలేని పరిస్థితి రాదు.

న్యాయస్థానాలున్నాయి కదా, పరిశోధకులెందుకన్నది రెండోది. న్యాయస్థానం తన ముందుకు వచ్చిన ఒక్క కేసునే చూస్తుంది. అయినా అది చూసినప్పుడు తేలిన సంగతి గమనించాలి. మలయాళ వార్తా ఛానల్ మీడియావన్‌పై నిషేధానికి ప్రభుత్వం సీల్డ్ కవర్‌లో ఇచ్చిన కాగితాలను సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో పరిశీలించింది. అందులోని ఇంటెలిజెన్స్ బ్యూరో నివేదికలు అప్పటికే అందరికీ తెలిసిన సమాచారం మీద కట్టిన ఊహలని తేల్చింది. జాతీయ భద్రత అన్న మాట గాలిలోంచి పుట్టించకూడదని చెప్పింది. 1839 కర్నూలుకూ 2023 మీడియావన్‌కూ మధ్య కాలం మారింది, పాలకులు మారారు. చూసిందీ ఊహించిందీ కలిసిపోయే జబ్బు మారలేదు. ఆ తీర్పులోనే, ఇలాంటి కాగితాలను చూసి కోర్టుకు సాయపడే అమికస్ క్యూరీ నియామకాన్ని కోర్టు సూచించింది. రహస్యం చెడకుండా బయటి మనిషి చూడవచ్చని దేశపు అత్యున్నత న్యాయస్థానమే ఒప్పుకున్నట్టు.

పరిశోధకుడు ప్రభుత్వ మనిషైపోతాడన్నది మూడో అభ్యంతరం, ఇది రెండో పక్షం నుంచి వస్తుంది. బరువైనది కూడా. బ్రిటన్ అనుభవం దీన్నే చూపింది. దీనికి జవాబు ప్రవేశాన్ని వదులుకోవడం కాదు. ఒకరికి చూపించిన ఫైలును అదే అర్హత ఉన్న మరొకరికి కాదనకూడదన్న నియమం చట్టంలో ఉంటే, ఆస్థాన చరిత్రకారుడికి చోటుండదు.

ఇంకా తేలనివి

కొన్ని ప్రశ్నలకు ఏ పక్షం దగ్గరా పూర్తి జవాబు లేదు. గడువు 25 ఏళ్ళా, 30 ఏళ్ళా, మనిషి బతికున్నంత కాలమా అన్నది ఒకటి. విశ్వవిద్యాలయం బయట ఉన్న స్థానిక చరిత్రకారుడిని, పాత్రికేయుడిని పరిశోధకుడిగా ఎలా గుర్తించాలన్నది మరొకటి. సీమ చరిత్రలో చాలా భాగం రాసింది బడిపంతుళ్ళూ, లాయర్లే కాబట్టి ఇది చిన్న ప్రశ్న కాదు. ఫోన్ ట్యాపింగ్, డిజిటల్ నిఘా పుట్టించిన సమాచారానికి కాగితం ఫైలు నియమాలు సరిపోతాయా అన్నది ఇంకొకటి. అన్నిటికన్న మౌలికమైనది ఇంటెలిజెన్స్ బ్యూరోకే ఇప్పటిదాకా పార్లమెంటు చేసిన ప్రత్యేక చట్టం లేకపోవడం. సంస్థకే చట్టం లేనప్పుడు దాని దస్త్రాలకు చట్టం ఎక్కడ నిలుస్తుంది?

శ్రీకృష్ణ కమిటీ ఎనిమిదో అధ్యాయం ఈ లోటుకు తెలుగునాట మిగిలిన గుర్తు. 2010 డిసెంబరులో కమిటీ దాన్ని విడిగా, సీల్డ్ కవర్‌లో ఇచ్చింది. 2011 మార్చిలో హైకోర్టు న్యాయమూర్తి ఎల్. నరసింహారెడ్డి దాన్ని బయటపెట్టాలన్నారు, కేంద్రం అప్పీలుకు వెళ్ళింది. అందులో ఏముందన్న పుకారు మాత్రం రెండు ప్రాంతాల్లోనూ ఊరేగింది. అర్హులైన కొందరు పరిశోధకులు చదివి, పేర్లు తీసి, చూసిందేదో ఊహించిందేదో విడదీసి చెప్పే మార్గం ఉండి ఉంటే ఆ పుకారుకు అంత బలం వచ్చేది కాదు.

నిర్ధారణ

సాక్ష్యాలన్నీ కలిపి చూస్తే మూడో వాదమే నిలుస్తుంది, మూడు షరతులకు లోబడి. అనుమతి ఇచ్చేది దస్త్రం రాసిన శాఖ కాకూడదు. న్యాయమూర్తి, చరిత్రకారుడు, మాజీ నిఘా అధికారి ఉన్న స్వతంత్ర సంఘం కావాలి, కాదంటే కారణం రాసి ఇవ్వాలి, దానిపై అప్పీలు ఉండాలి. సమాచారమిచ్చినవారికి శాశ్వత రక్షణ, నిఘాకు గురైనవారికి తమ ఫైలు చూసి తప్పు దిద్దించుకునే హక్కు ఉండాలి. ఒక పరిశోధకుడికి తెరిచింది ఇతర అర్హులకూ తెరవాలి. ఇందుకు ఢిల్లీ కోసం ఎదురుచూడనక్కర్లేదు. 30 ఏళ్ళు దాటిన స్టేషన్ రికార్డులను, మూసేసిన రౌడీ షీట్లను పేర్లు తీసి పరిశోధనకు అప్పగించే చట్టం ఆంధ్రప్రదేశ్ శాసనసభే చేయగలదు. కర్నూలు, కడప జిల్లాలతో దాన్ని మొదలుపెట్టాలి. అందాకా ఈ సీమ మనుషుల గురించి ప్రభుత్వం రాసుకున్నదాంట్లో ఎంత నిజమో, ఎంత ఊహో తేల్చగల అధికారం రాసినవాళ్ళ దగ్గరే ఉంటుంది.